చైన్‌సా కవర్లకు ఇంట్లో రంగు అద్దాలంటే

ప్రశ్న: నా దగ్గర పాత పెట్రోల్ చైన్‌సా ఒకటి ఉంది. ఇంజిన్‌కు ఢోకా లేదు కానీ నారింజ రంగు కవర్లు ఎండకు వెలిసి తెల్లబారాయి. పైకవర్ పగిలితే వేరే తయారీది కొని బిగించాను. అది బూడిద తెలుపులో ఉండి మిగతావాటితో అస్సలు కలవడం లేదు. బట్టల రంగు నీళ్లలో కలిపి, కవర్లన్నీ అందులో మరిగిస్తే నల్లగా అయిపోతాయని ఒకరు చెప్పారు. అదంతా ఎందుకు, స్ప్రే పెయింట్ కొట్టేయమని ఇంకొకరు అన్నారు. ఏది మేలు? ఏ రంగు కొనాలి, ఎంతసేపు మరిగించాలి? వేడికి ప్లాస్టిక్ బలం తగ్గుతుందా?

సమాధానం: పెయింట్ కన్నా అద్దకమే మేలు. కానీ మరిగించకూడదు. పైగా మీ కవర్లన్నీ రంగు పడతాయన్న నమ్మకం కూడా లేదు. కొన్నప్పటి కవర్లు పట్టే అవకాశం ఎక్కువ, కొత్తగా వేసిన పైకవర్ దగ్గరే అనుమానం. రంగు పట్టడం, పట్టకపోవడం మీరు కొనే రంగు పొట్లం మీద కన్నా ఆ కవర్ ఏ ప్లాస్టిక్‌తో చేశారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. అందుకే పొయ్యి వెలిగించే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

మంచి చైన్‌సాల కవర్లు, హ్యాండిళ్లు ఎక్కువగా నైలాన్‌తో చేస్తారు. అందులో గాజు నార కలుపుతారు. సైలెన్సర్ వేడికి, పెట్రోల్‌కు, దెబ్బలకు తట్టుకోవాలి కాబట్టి ఆ ఎంపిక. పట్టుకు, ఉన్నికి వేసే ఆమ్ల రంగులు, అంటే యాసిడ్ డైలు, నైలాన్‌కు కూడా పడతాయి. ఈ మూడింటి అణువుల్లోనూ అమైన్ కొసలు ఉంటాయి. నీళ్లలో కాస్త పులుపు ఉంటే ఆ కొసలు ధనావేశం పొంది, రుణావేశం ఉన్న రంగు అణువును పట్టి ఉంచుతాయి. పాలీప్రొపిలీన్‌లోనూ పాలీఎథిలీన్‌లోనూ అలాంటి కొసలే లేవు. రంగునీళ్లలో రోజంతా నానబెట్టినా కడిగితే మళ్లీ మొదటి రంగే. బార్ మీద, అంటే చైన్ తిరిగే పొడవాటి పలక మీద తొడిగే ఒర చాలావరకు ఈ జాతి ప్లాస్టిక్కే కనుక దాన్ని వదిలేయండి. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ నైలాన్‌కూ వీటికీ మధ్యలో ఉంటుంది. యాసిడ్ డై పట్టదు, పాలిస్టర్ బట్టలకు వాడే డిస్పర్స్ డై పడుతుంది, కానీ వేడికి త్వరగా మెత్తబడుతుంది.

ఏది ఏదో తెలుసుకోవడానికి కవర్‌ను తిప్పి లోపలివైపు చూడండి. చిన్న అక్షరాల్లో అచ్చు ఉంటుంది. పీఏ6-జీఎఫ్30 అని ఉంటే 30 శాతం గాజు నార కలిపిన నైలాన్ 6. పీఏ66 అన్నా నైలానే, కాకపోతే రంగు కాస్త మొండిగా పడుతుంది. పీపీ (పాలీప్రొపిలీన్), పీఈ (పాలీఎథిలీన్) అని ఉంటే ఇక ఆ కవర్ జోలికి పోవద్దు. ఏబీఎస్ అని నేరుగానే రాస్తారు.

అచ్చు లేకపోతే నీళ్ల పరీక్ష చేయండి. కవర్ లోపలి అంచు నుంచి గోరంత ముక్క చెక్కి, రెండు చుక్కలు గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో వేసి అడుగుకు నొక్కి వదలండి. సబ్బు లేకపోతే గాలి బుడగలు అంటుకుని మునిగేది కూడా తేలుతుంది. పైకి తేలితే పాలీప్రొపిలీనో పాలీఎథిలీనో అన్నమాట, పని అక్కడితో ఆగిపోతుంది. మునిగితే దాన్ని తీసి, 880 మిల్లీలీటర్ల నీళ్లలో 120 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి అందులో వేయండి. ఆ ఉప్పునీళ్ల సాంద్రత 1.09కి కొంచెం తక్కువ. ఏబీఎస్ సాంద్రత సుమారు 1.05 కాబట్టి తేలుతుంది. మామూలు నైలాన్ 6ది 1.13, గాజు నార కలిపినదైతే 1.36 దాకా, కాబట్టి రెండూ మునుగుతాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. గాజు నార గానీ టాల్క్ పొడి గానీ దండిగా కలిపిన పాలీప్రొపిలీన్ కూడా ఉప్పునీళ్లలో మునిగిపోవచ్చు. మీ కొత్త పైకవర్ లాంటి వాటిలో ఇలాంటిది దొరకడం వింతేమీ కాదు. అందుకే ఆఖరి తీర్పు రంగునీళ్లదే. ఆ చెక్కిన ముక్కనే స్టీలు గ్లాసులో, మీరు వాడబోయే రంగులోనే 85 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి, సబ్బుతో రుద్ది కడగండి. కత్తితో అడ్డంగా కోసి చూస్తే అంచు వెంబడి సన్నటి రంగు గీత కనబడాలి. అది కనబడితే రంగు లోపలికి దిగినట్టు. సబ్బుకే వదిలిపోతే ఇక ఆ కవర్‌కు అద్దకం లేదు.

కవర్లు నల్లగా అవుతాయని మీకు ఒకరు చెప్పారు కదా, నలుపే వేయండి. అదే తెలివైన ఎంపిక, ఎందుకంటే అద్దకంలో రంగు ముదరడమే గాని లేతబడడం ఉండదు. నారింజ రంగు ప్లాస్టిక్‌లో నిలువునా కలిసి ఉంది, మీరు వేసేది దాని మీద పారదర్శకమైన గాజు పలకలా కూర్చుంటుంది. నారింజ మీద ఎరుపు వేస్తే మంచి ముదురు ఎరుపు వస్తుంది. నీలం గానీ ఆకుపచ్చ గానీ వేస్తే బురద రంగు. బూడిద తెలుపు కవర్ మీద ఏదైనా పడుతుంది, అయితే ఆ తెలుపు కోసం కలిపిన పొడి వల్ల పాలు కలిపినట్టు లేతగా కనబడుతుంది. తెల్ల కవర్‌ను పాతవాటితో కలిసేలా నారింజ చేద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి. ఆ మెరిసే నారింజ ఇంటి అద్దకంతో సరిపోలడం దాదాపు జరగని పని. ఉన్న రంగును బ్లీచ్‌తో తీసేద్దామని కూడా చూడొద్దు. లోపల కలిసిన రంగు పోదు, బ్లీచ్ నైలాన్‌ను తినేస్తుంది, పైగా ఆ బ్లీచ్‌కు అద్దకంలో వాడే వెనిగర్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది.

రంగు కొనేటప్పుడు పొట్లం మీద నైలాన్, పట్టు, ఉన్ని అని ఉన్న యాసిడ్ డై తీసుకోండి. నూలు బట్టల కోసమే అమ్మే రియాక్టివ్ రంగులు ఈ పనికి కావు. అన్ని బట్టలకూ అని అమ్మే మిశ్రమ రంగుల్లో కొంత యాసిడ్ డై ఉంటుంది, నైలాన్ ఆ భాగాన్ని మాత్రమే తీసుకుంటుంది. అందుకే పొట్లం మీది రంగు ఒకటి, వచ్చే రంగు ఒకటి అవుతుంది. నలుపు విషయంలో ఇది మరీ ఎక్కువ. కవర్ ఏబీఎస్ అని తేలితే పాలిస్టర్‌కు పనికొచ్చే డిస్పర్స్ డై కొనాలి. డిస్పర్స్ డై నైలాన్‌కు కూడా పడుతుంది గనుక, ఒక కవర్ నైలాన్, మరొకటి ఏబీఎస్ అయితే రెంటికీ అదొక్కటే కొంటే చాలు. కాకపోతే రెంటినీ ఒకే గిన్నెలో వేయకూడదు, వేడి తేడా ఉంటుంది.

ఇక రంపంలో ఏవి విప్పాలి, ఏవి ముట్టుకోకూడదు అన్నది. పైకవర్, ఎయిర్ ఫిల్టర్ మూత, స్టార్టర్ కవర్, క్లచ్ కవర్ ప్లాస్టిక్‌దైతే అదీ, ఇవి చాలు. చాలా మోడళ్లలో వెనక హ్యాండిల్, పెట్రోల్ ట్యాంకు ఒకే ముక్కగా ఉంటాయి. దాన్ని వేడి నీళ్లలో ముంచే ఆలోచనే వద్దు. ఎంత ఖాళీ చేసినా ట్యాంకు గోడలు పెట్రోల్ పీల్చుకుని ఉంటాయి, వేడెక్కితే ఆవిరి వదులుతాయి. ముందుండే చేతి రక్షణను, అంటే చైన్ బ్రేక్ పలకను కూడా వదిలేయండి. వేడి నీళ్లలో నైలాన్ ఉబ్బితే దాని ఇరుసు రంధ్రం బిగుసుకుని బ్రేక్ మొరాయించే ప్రమాదం ఉంది. రంపం ఎగిరి మీదికొచ్చినప్పుడు చేతిని కాపాడేది అదే. యాక్సిలరేటర్ ట్రిగ్గర్, దాని లాక్ కూడా అంతే. నిజానికి ఆ పలక నారింజగా ఉండిపోవడమే మంచిది. నల్లటి రంపాన్ని ఆకుల మధ్య ఒక నిమిషం పెట్టి వెతికి చూస్తే ఎందుకో తెలుస్తుంది.

క్లచ్ కవర్ విషయంలో పొరబడొద్దు. పెద్ద రంపాల్లో అది మెగ్నీషియం పోతపోసి పైన రంగు వేసినది అయి ఉంటుంది. అయస్కాంతం అంటుకోదు కాబట్టి ప్లాస్టిక్ అనుకుంటారు. వేలితో తాకితే చల్లగా ఉంటుంది, గీకితే లోహం మెరుస్తుంది. దాన్ని పులుపు నీళ్లలో వేస్తే బుడగలొస్తూ లోహం తినుకుపోతుంది.

విప్పే ముందు స్పార్క్ ప్లగ్ క్యాప్ తీసేయండి, ట్యాంకు ఖాళీ చేయండి, చైన్, బార్ పక్కన పెట్టండి. చాలా రంపాలకు టీ27 స్టార్ బిట్ సరిపోతుంది. స్టార్టర్ కవర్ దగ్గర నిదానం కావాలి. అందులో చుట్టి ఉన్న స్టీలు స్ప్రింగ్ బిగువు మీద ఉంటుంది, తొందరపడితే మొహం మీదికే వస్తుంది. కళ్లజోడు పెట్టుకుని, తాడును ఓ జానెడు బయటికి లాగి, అది చుట్టుకునే కప్పీ అంచున ఉన్న గాడిలోకి తప్పించి పట్టుకుని, కప్పీని చేతి అదుపులో వెనక్కి తిరగనిస్తూ బిగువంతా వదిలించాలి. ఆ తర్వాతే మధ్యలోని క్లిప్పు తీసి కప్పీ పైకెత్తాలి. స్ప్రింగ్ దాని డబ్బీలోనే ఉండగా డబ్బీతో సహా తీయండి, డబ్బీలోంచి స్ప్రింగ్‌ను లాగొద్దు. కవర్లలో ఉండిపోయే స్టీలు ఇరుసు లాంటివి ఉంటే పరవాలేదు, పని అయ్యాక వెంటనే తుడిచి నూనె రాస్తే తుప్పు పట్టదు. రబ్బర్లు, స్పాంజీలు, వైర్ బిగింపులు అన్నీ ఊడదీయాలి. పెట్రోల్ వాసన వస్తున్న కవర్‌ను రెండు రోజులు గాలికి ఆరబెట్టాకే పొయ్యి దగ్గరికి తీసుకెళ్లాలి.

స్టిక్కర్లు హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి మెల్లగా లాగేయండి. ఒకటి ముందే చెప్పడం మంచిది. స్టిక్కర్ కింద ఎండ తగలని చోట కొత్త నారింజ ఉంటుంది, చుట్టూ వెలిసి ఉంటుంది. లేత రంగులు వేస్తే ఆ స్టిక్కర్ ఆకారం దెయ్యంలా కనబడుతూనే ఉంటుంది. నలుపు మాత్రమే దాన్ని మింగేస్తుంది, అదీ పూర్తిగా పట్టినప్పుడే.

అద్దకం చెడిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది జిడ్డు. చైన్ ఆయిల్‌తో రంపపుపొట్టు కలిసి మైనంలా గట్టిపడి ఉంటుంది. ముందు చెక్కపుల్లతో గీకి, 50 డిగ్రీల నీళ్లలో గిన్నెల సబ్బు వేసి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మూలమూలలా రుద్దండి. మొక్కల నూనెతో చేసిన చైన్ ఆయిల్ వాడుతున్నట్టయితే అది ఆరి వార్నిష్‌లా మారి ఉంటుంది, సబ్బుకు లొంగదు. అప్పుడు లీటరు గోరువెచ్చని నీళ్లకు 20 గ్రాముల చాకలి సోడా కలిపి, అందులో 15 నిమిషాలు ఉంచి మళ్లీ రుద్దాలి. ఇది లోహం లేని ముక్కలకే. కిరోసిన్‌తో తుడిస్తే జిడ్డు పోయినట్టే అనిపిస్తుంది గాని సన్నటి పొర మిగులుతుంది, కాబట్టి దాని తర్వాత సబ్బు రెండు సార్లు. అసిటోన్, కార్బురేటర్ క్లీనర్ స్ప్రేలు ఏబీఎస్‌ను కరిగిస్తాయి.

కడిగాక కవర్ మీద నీళ్లు పోసి చూడండి. నీరు ఒకే పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు. ఎక్కడైనా చుక్కలుగా విరిగితే అక్కడ జిడ్డు ఉన్నట్టే, రంగు వేశాక సరిగ్గా అక్కడే తెల్ల మచ్చ తేలుతుంది. మెరుపు కోసం సిలికాన్ స్ప్రే కొట్టే అలవాటు ఉంటే మూడు నాలుగు సార్లు కడగక తప్పదు. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత చేతి తొడుగుల్లేకుండా ముట్టుకోవద్దు. వేలిముద్ర కూడా అచ్చుపడుతుంది.

తెల్లబారిన పాత కవర్ల మీద ఇంకో పని ఉంది. ఎండకు పైపొర చచ్చిపోయి సుద్దలా ఉంటుంది, దాని మీద రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. నీళ్లలో తడుపుతూ 400, తర్వాత 600, 800 నంబర్ల ఎమెరీ కాగితంతో ఆ పొర పోయేదాకా రుద్దండి. పొడిగా మాత్రం రుద్దొద్దు, గాజు నార దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చర్మానికి దురద. ఎక్కువ రుద్దితే గాజు నార బయటపడి నూగులా తేలుతుంది. గాజుకు రంగు పట్టదు కాబట్టి నలుపులో సన్నటి తెల్ల చారలు మిగులుతాయి. చాలా చోట్ల చూసే ఫలితం ఇదే, దీనికి అద్దకాన్ని తప్పు పట్టి లాభం లేదు. సుద్ద పోగానే ఆపేయాలి, నున్నగా అద్దంలా చేయాలనే పట్టుదల వద్దు.

గిన్నె విషయానికి వస్తే, కవర్లు ఒకదానికొకటి తగలకుండా మునిగేంత పెద్ద స్టీలు గిన్నె కావాలి, ఎనిమిది పది లీటర్లది. అల్యూమినియం గిన్నె వద్దు. ఈ గిన్నెను, గరిటెను మళ్లీ వంటకు వాడకూడదు. థర్మామీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. చేతి తొడుగులు ఎలాగూ ఉండాలి, రంగు పొడి తూచేటప్పుడు ముక్కుకు మాస్క్ కట్టుకోండి. ఇంటి బయట కరెంటు పొయ్యి మీద చేస్తే అన్నిటికీ మంచిది.

బట్టలకు రంగు మోతాదు గుడ్డ బరువును బట్టి లెక్కేస్తారు. ప్లాస్టిక్‌కు ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే రంగు పైపొరలోకే దిగుతుంది. ఇక్కడ చూడాల్సింది నీళ్లలో రంగు చిక్కదనం. లీటరు నీటికి మామూలు రంగులైతే 2 నుంచి 3 గ్రాములు, నలుపైతే 4 నుంచి 5 గ్రాములు. 5 లీటర్ల నీళ్లకు నలుపు 20 నుంచి 25 గ్రాములన్నమాట. ఆ పొడిని నేరుగా గిన్నెలో చల్లకండి. పావు లీటరు వేడి నీళ్లలో ముద్దలు లేకుండా కరిగించి, పలచటి గుడ్డలో వడకట్టి పోయండి. కరగని గింజ ఒక్కటి కవర్‌కు అంటుకున్నా అక్కడ నల్లటి చుక్క ఉండిపోతుంది.

కవర్లను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఉంచి, రంగునీళ్లు 40 డిగ్రీలున్నప్పుడు దించండి. ఒక్కో కవర్‌ను రెండు మూడు చోట్ల నూలు దారంతో కట్టి, గిన్నె మీద అడ్డంగా పెట్టిన కర్రకు వేలాడదీయాలి. గిన్నె అడుగు నీటి కన్నా వేడిగా ఉంటుంది, కవర్ అడుక్కి తగిలితే అక్కడ మెత్తబడి వంకరపోతుంది. ఇక్కడి నుంచి తొందరే లేదు. నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచుతూ పోండి, కవర్లను ఆపకుండా కదుపుతూ ఉండండి. 60 డిగ్రీలు రాగానే 5 శాతం వెనిగర్ ఓ 30 మిల్లీలీటర్లు, కవర్ల మీద కాకుండా పక్కగా పోయండి. 85 దగ్గర మరికొంత. పులుపు కొలిచే పీహెచ్ కాగితం ముంచితే 4కు, 5కు మధ్య చూపాలి. నీళ్లు ఉప్పగా, సున్నం ఎక్కువగా ఉన్నవైతే వెనిగర్ ఎక్కువే అడుగుతాయి, కాబట్టి కొలత కన్నా కాగితాన్నే నమ్మండి. వెనిగర్ మొత్తం మొదటే పోసేస్తే రంగు ఒక్కసారిగా ఎగబడి, ముందు తగిలిన చోట ముదురుగా, ఆలస్యంగా తగిలిన చోట లేతగా పడుతుంది. ఒకసారి పట్టాక ఆ తేడాను సరిచేయడం చాలా కష్టం.

నైలాన్‌కు 85 నుంచి 90 డిగ్రీల మధ్య 45 నిమిషాలు, నలుపుకు గంట నుంచి గంటంపావు. ఏబీఎస్‌కు డిస్పర్స్ డైతో 65 నుంచి 75 డిగ్రీలే, వెనిగర్ అక్కర్లేదు, రెండు చుక్కల సబ్బు చాలు. మీ మిత్రుడు చెప్పినట్టు మరిగిస్తే ఏమవుతుందంటే, ఉడుకు బుడగలు కవర్‌కు అంటుకుని గుండ్రటి లేత మచ్చలు మిగులుతాయి. అంతకన్నా పెద్ద చిక్కు, అచ్చుపోసినప్పుడు ప్లాస్టిక్‌లో నిలిచిపోయిన బిగువు ఆ వేడికి వదులవుతుంది, పలచటి కవర్లు మెలితిరుగుతాయి. స్క్రూ రంధ్రం రెండు మిల్లీమీటర్లు జరిగినా కవర్ ఇక కూర్చోదు.

పావుగంటకోసారి ఒక కవర్ ఎత్తి, కడిగి, తుడిచి పగటి వెలుతురులో చూడండి. తడి మీద ముదురుగానే కనబడుతుంది, ఆరాక ఒక మెట్టు తగ్గుతుందని గుర్తుంచుకోండి. నలుపు రంగు చాలావరకు రెండు మూడు రంగుల మిశ్రమం, ఒక్కొక్కటి ఒక్కో వేగంతో పడుతుంది. మధ్యలో తీసి చూస్తే ఊదాగానో పచ్చగానో అనిపిస్తుంది. అది రంగు కల్తీ కాదు, టైము చాలలేదని అర్థం. నారింజ మీద నలుపు గోధుమ ఛాయలో ఆగిపోతే రెండు మూడు గ్రాముల నీలం కరిగించి కలిపి ఇంకో అరగంట ఉంచండి, ఛాయ చల్లబడుతుంది. అయినా ముదరకపోతే ఆపేయండి. నైలాన్‌లో రంగును పట్టే కొసలు లెక్కకు పరిమితం, అవి నిండిపోయాక ఎంత పొడి వేసినా నీళ్లలోనే మిగులుతుంది.

పొయ్యి కట్టేశాక కవర్లను బయటికి లాగొద్దు. నీళ్లు 50 డిగ్రీలకు దిగేదాకా అందులోనే వదిలేయండి. వేడి కవర్‌ను చల్లనీళ్ల కింద పెట్టడం, మరిగించడం తర్వాత, కవర్లు వంకరపోవడానికి రెండో దారి. తర్వాత గోరువెచ్చని నీళ్లలో సబ్బుతో, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. యాసిడ్ డైలకు అమ్మే ఫిక్సర్ దొరికితే దాని పొట్లం మీది కొలతలో ఒక విడత ముంచండి, చెమటకు, వానకు రంగు దిగకుండా ఉంటుంది.

ఆరబెట్టడం నీడలో, రెండు రోజులు. ఓవెన్‌లో పెట్టొద్దు. నైలాన్ నీళ్లు పీల్చుకుంటుంది, ఒంట్లో కాస్త తేమ ఉంటేనే దానికి గట్టితనం, పూర్తిగా ఎండిపోతే పెళుసవుతుంది. క్లిప్పులు టక్కున విరిగేది అప్పుడే. రంగు వేయకముందు కవర్‌ను వంటింటి తూకం మీద తూచి రాసుకుంటే మంచిది. రంగునీళ్లలో నానాక పెరిగిన బరువు మళ్లీ ఆ అంకె దగ్గరికి వచ్చాక బిగించండి. ఉబ్బి ఉన్నప్పుడు బిగిస్తే రంధ్రాలు కలవవు, స్క్రూల గాడులు అరిగిపోతాయి. బిగించేటప్పుడు స్క్రూను ముందు వెనక్కి ఒక చుట్టు తిప్పితే పాత గాడిలో టక్కుమని కూర్చుంటుంది, అప్పుడు ముందుకు తిప్పండి.

బలం గురించి అడిగారు. గంటసేపు 85 డిగ్రీల నీళ్లలో ఉండడం వల్ల, ఆ కాస్త వెనిగర్ వల్ల నైలాన్‌కు చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. ఎండకు సుద్దబారి, పగుళ్లు మొదలైన కవర్ అయితే అది ముందే బలహీనపడి ఉంది, రంగు దాన్ని కప్పుతుందే గాని బాగుచేయదు. గోరుతో నొక్కి చూసి చిట్లుతోందంటే కొత్తది వేసుకోవడమే.

స్ప్రే పెయింట్ సంగతి క్లుప్తంగా. నైలాన్ మీద పట్టు దొరకదు, పెట్రోల్ నింపేటప్పుడు ఒలికిన చుక్క చాలావరకు పెయింట్‌ను మెత్తబరుస్తుంది, కొమ్మ గీసుకుంటే కింద నారింజ బయటపడుతుంది. అద్దకం పైపొరలో దిగి ఉంటుంది కనుక చిన్న గీతలకు పోదు. లోతైన గీతకు మాత్రం అదీ తట్టుకోదు. మీ పైకవర్ పాలీప్రొపిలీన్ అని తేలితే పెయింట్ కూడా దాని మీద నిలవదు, ప్లాస్టిక్ ప్రైమర్ వేస్తేనే కొంతకాలం ఉంటుంది. ఆ పరిస్థితిలో నల్లటి పైకవర్ కొని, మిగతావి దానికి దగ్గరగా అద్దుకోవడమే తక్కువ శ్రమ.

బిగించే ముందు తెల్ల గుడ్డను పెట్రోల్ ఆయిల్ మిశ్రమంలో తడిపి కవర్ లోపలివైపు రుద్ది చూడండి. యాసిడ్ డైతో నైలాన్ అయితే దాదాపు ఏమీ రాదు. డిస్పర్స్ డైతో ఏబీఎస్ అయితే కొంచెం రావచ్చు, అందుకని ఆ కవర్ మీద పెట్రోల్ ఒలికితే వెంటనే తుడవాలి. తీసేసిన హెచ్చరిక స్టిక్కర్లు, ముఖ్యంగా చోక్, స్టాప్ గుర్తులు కొత్తవి అంటించండి. అద్దిన కవర్లను ఎండలో వదలకండి, అద్దకపు రంగు అచ్చులో కలిసిన రంగు కన్నా త్వరగా వెలుస్తుంది.

అన్నీ బిగించాక చైన్ లేకుండా తాడు రెండు మూడు సార్లు లాగి చూడండి. పూర్తిగా వెనక్కి పోవాలి. సగంలో ఆగితే స్టార్టర్ కవర్ ఇంకా ఉబ్బి ఉందన్నమాట, విప్పి మరో రోజు ఆరనివ్వండి. చైన్ వేశాక, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే బ్రేక్ పలక ముందుకు వెనక్కి టక్కుమని పడుతోందో లేదో చూసుకోండి. మిగిలిన రంగునీళ్లలో పొంగు ఆగేదాకా వంటసోడా వేసి పులుపు విరిచి, దండిగా నీళ్లతో మురుగు కాలువలోకి వదలండి. చెట్ల మొదట్లోగానీ, బావి దగ్గరగానీ పోయకండి.